పిండి మామయ్య కూతురి మణికట్టు

కాలు విరిగితే ఒక లాభం ఉంది. మనుషుల్ని కూర్చుని చూడొచ్చు. ఊళ్ళు పట్టుకుని తిరిగేవాడికి ఎవరూ పూర్తిగా కనబడరు. రైలు దిగుతూనో, దారి చెబుతూనో, సగం తిరిగిన మొహాలతో కనబడి మాయమవుతారు. అలా తిరుగుతూ ఒక ఊళ్ళో లాడ్జి మెట్ల మీద జారి నా చీలమండ చిట్లితే, ఆసుపత్రిలో కట్లు కట్టే గదికి తోసుకుపోయారు. పిండి మామయ్యను మొదట చూసింది అక్కడే.

అసలు పేరుతో ఆయన్ని పిలిచేవాళ్ళు లేరు. పొద్దస్తమానం సుద్ద కట్ల పొడిలో మసలడంవల్ల కనుబొమలు, మీసం, చెవుల మీది వెంట్రుకలు తెల్లబడి, పిండిమరలోంచి లేచొచ్చిన మనిషిలా ఉండేవాడు. చేతులు విరిగిన పిల్లలెవరో పెట్టిన పేరు, డాక్టర్లు కూడా అదే వాడుతున్నారు. కట్టు చుట్టను గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగలు ఆగేదాకా తల వంచి వినేవాడు. "నీళ్ళు తాగనివ్వాలి సార్. తొందరపెడితే అలుగుతుంది" అనేవాడు. దూది చుట్టి, దాని మీద తడి గుడ్డ చుట్టి, అరచేత్తో నిద్రపోతున్న పిల్లి వీపు నిమిరినట్టు నిమిరేవాడు. ఆ చేతుల కింద ఏడుస్తున్న పిల్ల ఏడుపు మరిచిపోయేది.

వారం వారం చూపించుకోమన్నారు కనక, నేను వారంలో మూడుసార్లు వెళ్ళి ఆయన గదిలో బల్ల మీద కూర్చునేవాణ్ణి. నాకు పని లేదు, ఆయనకు మాటలు కావాలి.

"ఒకప్పుడు పడిన పిల్లలు వచ్చేవాళ్ళు సార్" అన్నాడొక రోజు. "గోడ మీంచి, సైకిల్ మీంచి. ఆ ఏడుపులోనూ కాస్త డాబు ఉండేది. ఇప్పుడు పడని పిల్లలు వస్తున్నారు. ఎక్కడ పడ్డావమ్మా అంటే ఎక్కడా పడలేదంటారు. ఆడీ ఆడీ ఎముకే అలిసిపోయి చిట్లుతోంది."

"ఎముక అలిసిపోవడమేమిటయ్యా?"

"ఇనప తీగను ఇటూ అటూ వంచుతూ కూర్చోండి, తెలుస్తుంది."

ఆ రోజే ఒక పెద్దమనిషి కూతుర్ని తీసుకొచ్చాడు. పరుగు పందేల పిల్ల, పిక్క ముందరి ఎముక చిట్లింది. "వచ్చే వారం పోటీ ఉంది, ఈలోగా ఏదైనా..." అని ఆయన నసుగుతుంటే, పిండి మామయ్య తలెత్తకుండానే, "మీరు పరిగెత్తండి సార్. మీ కాళ్ళు బాగానే ఉన్నాయిగా" అన్నాడు. గదంతా నవ్వింది, ఆ పిల్లతో సహా. ఈయన కడుపున పుట్టిన పిల్లలు అదృష్టవంతులు అనుకున్నాను.

ఆయనకు ఒక్కతే కూతురు. పదకొండేళ్ళు. నాయనమ్మ పెట్టిన ముద్దుపేరు పిచ్చుక. జిమ్నాస్టిక్స్ నేర్చుకుంటోంది. అయిదో ఏట, ఇంట్లో కుర్చీల మీంచి దూకుతోందని, చేతులూ కాళ్ళూ ఎక్కడ విరగ్గొట్టుకుంటుందోనని భయపడి, పరుపులున్న చోటయితే క్షేమం కదా అని ఆ ఆట నేర్పే హాల్లో చేర్పించారు. మొదట వారానికొక్కసారి. తర్వాత రెండు. పిల్లకు ఒడుపు ఉందన్నారు. ఒడుపు ఉందని తెలిశాక వదిలిపెట్టే హక్కు తల్లిదండ్రులకు ఉండదు కాబోలు. నేను ఆ ఊరు చేరేనాటికి వారంలో ఒక్కరోజు కూడా మిగల్లేదు.

నా చిన్నప్పుడు ఆటలకు కాలాలుండేవి. బొంగరాల కాలం వచ్చేది; ఎవరూ చాటింపు వేయకుండానే ఒక రోజు పొద్దున అందరి జేబుల్లో తాళ్ళుండేవి. మరో రోజు పొద్దున బొంగరాలు మాయమై గోలీలు వచ్చేవి. బొంగరం తిప్పిన చెయ్యి ఆర్నెల్లు విశ్రాంతి తీసుకుంటోందని మాకు తెలియదు. తర్వాతెప్పుడో కొండల్లో ఒక పండ్లతోటలో కొన్నాళ్ళున్నాను. తోటమాలి లేత చెట్లకు వచ్చిన మొదటి పూతంతా గిల్లి పారేస్తుంటే గుండె చివుక్కుమంది. "ఇప్పుడే కాయనిస్తే వేరు దిగదు" అన్నాడతను, అంతకంటే చెప్పడానికేముందన్నట్టు. దున్నిన పొలాన్ని బీడుగా వదలడం గురించి పుస్తకాలకు పుస్తకాలు రాశారు, కొన్ని నేనూ చదివాను. పిల్లల్ని బీడుగా వదలడం గురించి ఎవరైనా రాశారేమో తెలియదు.

ఆ ఇంటికి ఒకసారి భోజనానికి పిలిచారు. పిలవడమైతే పిలిచారు గానీ, ఇంట్లో నాయనమ్మ ఒక్కతే ఉంది.

"కూర్చో నాయనా" అంది ఆవిడ. "వాళ్ళ భోజనాలు కార్లోనే. నా కొడుకు ఆసుపత్రి నుంచి నేరుగా హాలుకే పోతాడు. నా కోడలు తపాలా ఆఫీసులో ఉత్తరాలు విడదీసి, అట్నుంచటే పిల్లను బడి దగ్గర ఎక్కించుకుని పోతుంది. వెనక సీట్లో డబ్బా మూత తీస్తే అదే రాత్రి భోజనం. పాఠాలక్కడే, జడలక్కడే, తగువులూ అక్కడే. ఈ భోజనాల బల్ల ఉంది చూశావూ, దీని మీద నేను బట్టలు మడతపెట్టుకుంటున్నాను."

"మీరు చెప్పలేదా అమ్మా?"

"చెప్పాను. 'నీకు తెలీదమ్మా, ఏడాది పొడుగునా చెయ్యకపోతే వెనకబడిపోతారు' అన్నాడు మీ పిండి మామయ్య. ఎవరి వెనక రా అంటే చెప్పడు."

మర్నాడు ఆయన నొచ్చుకుని, ఆదివారం తనతోపాటు హాలుకు రమ్మన్నాడు. వెళ్ళాను, ఊతకర్రలతో. పెద్ద గోదాములాంటి హాలు. కమ్మీలు, దూలాలు, నీలం పరుపులు, గాల్లో పిల్లలు చేతులకు రాసుకునే తెల్లటి సుద్ద. ఆయన ఆ సుద్దలో కూడా పుట్టినప్పట్నించీ ఉన్నట్టే కలిసిపోయాడు. ఒక బెంచీ మీద కూర్చుని సంచీలోంచి టేపు చుట్టలు తీశాడు. అంతే, ఆడపిల్లలంతా వరస కట్టారు. మణికట్టుకు టేపు చుట్టే పని ఆయనది. ఎవరూ అప్పగించలేదు, కూతురికి చుడుతుంటే చూసి ఒక తల్లి అడిగింది, తర్వాత మరొకరు. ఆయన చుడితే ఆట ముగిసేదాకా జారదు, రక్తం ఆగదు, వంగాల్సినంతే వంగుతుంది. ఊరవతలి జట్లవాళ్ళు కూడా ఆయన కోసం వస్తారట.

"ఈయన చేతుల్లో ఏదో ఉందండీ" అంది కోచ్ మేడమ్ నాతో. సన్నగా, చురుగ్గా ఉంది; తన రెండు మణికట్లకూ పాత టేపు మరకలు. "మా పిల్లలు సగం ఈయన వల్లే నిలబడుతున్నారు."

పిచ్చుక వంతు వచ్చింది. తండ్రి అడగకముందే, ఎటో చూస్తూ, చెయ్యి ఎత్తి ఆయన ఒళ్ళో పెట్టింది. నాడాలు కొట్టేవాడి ముందు ముసలి గుర్రం కాలెత్తడం చూశాను, అలా. ఆ పిల్లకు పదకొండేళ్ళు.

"ఇంకొంచెం బిగించు నాన్నా."

"రక్తం ఆగిపోతుందే."

"ఆగితేనే బాగుంటుంది."

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాననుకుంటాను.

నా కట్టు విప్పాల్సిన వారం అది. ఆయన గదిలో ఉన్నాను. బడి తొందరగా వదిలారని పిచ్చుక తండ్రి దగ్గరికొచ్చి స్టూలు మీద కూర్చుంది. తల్లి వచ్చి హాలుకు తీసుకుపోవాలి. బల్ల మీద దాని ఈడు పిల్లే ఒకతి, బడి మెట్ల మీద పడి చెయ్యి విరగ్గొట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. పిండి మామయ్య తడి కట్టు చుడుతున్నాడు.

"ఎన్నాళ్ళు ఉంచుతారంట?" అనడిగింది పిచ్చుక.

"నెలన్నర" అని ఏడ్చింది ఆ పిల్ల.

"అబ్బ! ఎంత అదృష్టమే నీది."

అంతా నవ్వాం. ఆ పిల్ల తల్లి కూడా నవ్వింది. వాళ్ళు వెళ్ళాక పిచ్చుక తొట్టి దగ్గరికొచ్చి నీళ్ళలో వేలు ముంచింది.

"నాన్నా, నీళ్ళు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. నాక్కూడా ఒకటి వేసెయ్."

"పోవే, నొప్పి లేనిదే కట్టెందుకు?"

"ఉందిగా."

"ఎక్కడ?"

"ఇక్కడ. నువ్వు టేపు చుట్టే చోట."

"ఎప్పట్నించి?"

పిచ్చుకకు ప్రశ్న అర్థమైనట్టు లేదు. "ఎప్పట్నించి ఏంటి నాన్నా? ఎప్పుడూ ఉండేదేగా. అందరికీ ఉంటుందిగా. అందుకే కదా వరసలో నిలబడేది."

ఆయన చేతులు తుడుచుకున్నాడు. కూతురి చెయ్యి పట్టుకుని, నిన్న చుట్టిన టేపును ఒక పక్క కత్తిరించి తీసి, బొటనవేలితో ఎముక మీద ఒక చోట మెల్లగా నొక్కాడు. అది చెయ్యి లాక్కోలేదు. అరవలేదు. కళ్ళలోంచి నీళ్ళు మాత్రం బొటబొటా రాలాయి, అవి వేరే ఎవరివో అన్నట్టు. పిల్లల ఏడుపు విని ఎముక సంగతి చెప్పగల మనిషి, ఏడవని పిల్లను చూసి గోడకు చేరగిలబడ్డాడు.

ఎక్స్‌రే ఫొటో తీశారు. ఎముకల డాక్టరమ్మ దాన్ని దీపం ముందు పెట్టి చాలాసేపు చూసింది. ఎముక పెరిగే చోట, చివరన, గీతలా ఉండాల్సింది వెడల్పై, అంచులు చిరిగినట్టుగా ఉంది. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే ఆ ఎముక పెరగడం మానేస్తుందనీ, పక్క ఎముక మాత్రం పెరిగి చెయ్యి వంకర తిరుగుతుందనీ చెప్పింది. తర్వాత, మణికట్టు ఆకారం ఇంకా పోని ఆ టేపును చేతిలోకి తీసుకుని, మెచ్చుకోలుగానే అడిగింది:

"ఇంత బాగా చుట్టిందెవరు? ఇది లేకపోతే నొప్పి భరించలేక ఎప్పుడో ఆట ఆపేసేది."

ఆవిడ పిండి మామయ్య మొహం చూసింది. టేపును మెల్లగా బల్ల మీద పెట్టేసింది.

అన్నేళ్ళుగా ఊరందరి పిల్లల తల్లిదండ్రుల్నీ ఆ గదిలో నిలబెట్టి దులిపిన మనిషి! ఆయన చేతికి పనితనం తక్కువైతే పిల్ల బతికిపోయేది. ఆ మాట నాకే తోచింది, ఆయనకు తోచకుండా ఉంటుందా?

కట్టు తనే వేస్తానన్నాడు. చుట్ట నీళ్ళలో మునిగింది, బుడగలు ఆగిపోయాయి, ఆయన ఇంకా వింటూనే ఉన్నాడు. నర్సమ్మ భుజం తట్టాల్సొచ్చింది. తడి కట్టు గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. "భలే వెచ్చగా ఉంది నాన్నా" అని, కూర్చున్న చోటే, చెయ్యి ఆయన చేతుల్లో ఉండగానే నిద్రపోయింది పిచ్చుక. అంత గబుక్కున నిద్రపోయిన పిల్లను నేను చూడలేదు.

అప్పుడొచ్చింది తల్లి, కారు తాళాలు ఊపుకుంటూ. కట్టు చూసి, "అయ్యో, మరి వచ్చే నెల పోటీలో..." అంది. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని గ్రహించి రెండు చేతులతో నోరు మూసుకుంది. తాళాలు నేల మీద పడ్డాయి. అంత చప్పుడైనా పిల్ల లేవలేదు.

నా కాలు బాగయింది గానీ నేను ఆ ఊరు వదల్లేదు. సాయంత్రాలు వాళ్ళింటికి పోయేవాణ్ణి. ఖాళీ సాయంత్రంతో ఏం చేయాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. దంపతులిద్దరూ బల్ల దగ్గర బంధువుల ఇంటికొచ్చినవాళ్ళలా ముడుచుకుని కూర్చునేవారు. నాయనమ్మే అందరికీ వడ్డిస్తూ, "తినండమ్మా, ఇక్కడ బ్రేకులు వెయ్యరు, ఒలకదు" అనేది. పిచ్చుక తినేది, నిద్రపోయేది, మళ్ళీ తినేది.

ఒక సాయంత్రం కోచ్ మేడమ్ ఫోన్ చేసింది. తల్లి తీసింది. ఫోన్‌లో గొంతు నాకూ వినబడుతోంది: "చేతికి విశ్రాంతి ఇవ్వండి, కాళ్ళు బాగానే ఉన్నాయి కదండీ. కాళ్ళ పని చేయిద్దాం. లేకపోతే దాని చోటు ఇంకొకరికి పోతుంది, నా చేతుల్లో ఉండదు." ఆవిడ చెడ్డది కాదు, తనకు అలాగే నేర్పారు, తనూ అలాగే నేర్పుతోంది. తల్లి ఫోన్ పట్టుకుని భర్త వైపు చూసింది. పిండి మామయ్య తల వంచుకుని అన్నం కలుపుతున్నాడు. కట్టు విప్పాక చెబుతామని తల్లి ఫోన్ పెట్టేసింది.

గుమ్మం దగ్గర పిచ్చుక నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరికీ తెలియదు.

కట్టు కోసే రోజు నేనూ వెళ్ళాను, వెళ్ళొస్తానని చెప్పడానికి. కట్టు కోసే యంత్రం జుయ్యిమంటే పిల్లలు హడలిపోతారు; పిండి మామయ్య దాన్ని ముందు తన అరచేతికే ఆనించి, "చూశావా, గుడ్డనే కోస్తుంది, చర్మాన్ని కాదు" అని చూపించేవాడు. పిచ్చుకకు ఆ సంగతి చిన్నప్పట్నించీ తెలుసు. అయినా చెయ్యి వెనక్కి దాచేసుకుంది.

"ఇంకో నెల ఉంచు నాన్నా."

"ఎముక అతుక్కుంది తల్లీ. ఇంకా ఉంచితే చెయ్యి చచ్చుబడిపోతుంది."

"తీస్తే వెళ్ళాలిగా."

యంత్రం ఆయన చేతిలో ఊరికే తిరుగుతోంది. ఆపేశాడు.

"అక్కర్లేదే" అంది తల్లి, గోడ దగ్గర నుంచి.

"నువ్వు చెప్తే చాలదు. మేడమ్ మళ్ళీ ఫోన్ చేస్తారు. నువ్వు మళ్ళీ సరే అంటావు."

"నేను చెప్తాను మేడమ్‌కి" అన్నాడు తండ్రి.

"ఇప్పుడే చెప్పు. నాకు వినబడేలా. తర్వాత కొయ్యి."

పదకొండేళ్ళ పిల్ల కన్నతండ్రితో బేరం పెట్టుకుంటోంది, సొంత చెయ్యి తాకట్టు పెట్టి! నాకు అక్కడ నిలబడాలనిపించలేదు, కదలాలనీ అనిపించలేదు. పిండి మామయ్య తెల్లటి వేళ్ళతో నంబరు నొక్కాడు, గొంతు అందరికీ వినబడేలా పెట్టాడు.

"మేడమ్, మా అమ్మాయి ఇక రాదు."

"కాళ్ళ పనికి కూడానా?"

"దేనికీ."

"అంత ఒడుపున్న పిల్ల... ఒక్కసారి దానికివ్వండి, నేను మాట్లాడతాను."

పిచ్చుక తల అడ్డంగా ఊపింది.

"ఇక్కడే ఉంది, వింటోంది. మాట్లాడనంటోంది."

అవతల కాసేపు హాలు చప్పుడు వినబడింది: పరుపుల మీద పాదాలు, ఎవరో లెక్కపెడుతున్న గొంతు. "నొప్పి అని నాతో ఒక్కసారీ అనలేదండీ" అంది కోచ్ మేడమ్.

"మాతోనూ అనలేదు" అన్నాడాయన.

"మనం అడగలేదు" అంది తల్లి.

ఆయన ఫోన్ బల్ల మీద పెట్టాడు. పిచ్చుక మెడ చాచి చూసింది.

"నిజంగా పెట్టేశావా? చూపించు."

చూపించాడు. నల్లటి అద్దంలో ఏ పేరూ లేదు. పిచ్చుక దాన్ని వేలితో తాకి, వెలిగించి, మళ్ళీ చూసుకుంది. అప్పుడు గానీ వెనక దాచిన చెయ్యి ముందుకు తీయలేదు.