పోపు వేయని గిన్నె

రాజేశ్వరమ్మకు ఒక జబ్బుంది. ఎవరు వండిందైనా సరే, తన చేయి పడకపోతే ఆమెకు మనసున పట్టదు. భర్త కిష్టయ్య రోజూ పొద్దున్నే పెట్టే చాయ్‌ని కూడా అల్లం చాలలేదని మళ్ళీ మరిగిస్తుంది. హ్యాండ్‌బ్యాగులో చిన్న పోపు డబ్బా లేనిదే గడప దాటదు. న్యూజిలాండ్‌లోని పాపకూర అనే ఊళ్ళో విజయలక్ష్మి ఇంటికి విందుకు వెళ్ళి, ఆవిడ అటు తిరగగానే సాంబారులో ఇంగువ పోపు తగిలించింది. ఆనాటి నుంచి విజయలక్ష్మి వీళ్ళ డెయిరీలో, అంటే అక్కడి చిల్లర కొట్టులో, పాలు కొనడం కూడా మానేసింది.

అందుకే 2014 జూలైలో, పదకొండేళ్ళలో తొలిసారి కొట్టు మూసి మూడు రోజులు సముద్రం ఒడ్డుకు బయలుదేరినప్పుడు కిష్టయ్య ఒట్టు వేయించుకున్నాడు.

"ఎవ్వరి గిన్నెల చెయ్యి పెట్టద్దు. పెట్టినవంటే ఆడనే ఇడిచిపెట్టొస్త."

"నాకేం పని?" అంది ఆమె, డబ్బా బ్యాగులో సర్దుకుంటూనే.

హామిల్టన్ దాటి గంట పోతే వచ్చే ఊరది. ముప్పై ఇళ్ళు, గొర్రెలు మేసే కొండలు, మనిషిని నిలువనీయని గాలి. ఎల్విన్ అనే వేల్స్ దేశపు ముసలాయన ఇంట్లో గది తీసుకున్నారు. వంటిల్లు ఉమ్మడి. ఆయన గోడమీది సొంతూరి ఫొటో చూపించాడు. అందులోనూ అవే కొండలు, అవే గొర్రెలు.

"గింత దూరమొచ్చి మల్ల గసొంటి ఊరే దేవులాడుకున్నడు," అని కిష్టయ్య భార్య చెవిలో అన్నాడు.

మర్నాడు, శనివారం సాయంత్రం, మగవాళ్ళిద్దరూ కొండమీదికి నడకకు వెళ్ళారు. రాజేశ్వరమ్మ వంటింట్లోకి వెళ్తే పొయ్యి మీద గిన్నెలో ఏదో నల్లపచ్చగా, ముద్దగా ఉడికి ఉంది. అచ్చం పుంటికూర, అదే గోంగూర! వేలితో నాలుక్కి రాసుకుంది. కారం లేదు, పులుపు లేదు. ఆమె ప్రాణం ఉసూరుమంది. ఒంటి మనిషి, పాపం, ఎన్నేళ్ళుగా ఇలా తింటున్నాడో! ఒట్టు గుర్తుకొచ్చింది గానీ, అప్పటికే ఆవాలు చిటపటమంటున్నాయి.

రాత్రి భోజనంలో ఎల్విన్ రుచి చూద్దామని ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. దగ్గాడు, ముక్కు చీదాడు, ఇంకో చెంచా తిన్నాడు.

"బాగుంది," అన్నాడు మర్యాదగా. "కానీ మా అమ్మది కాదు."

అది రాళ్ళమీద పెరిగే సముద్రపు నాచు. వాళ్ళ ఊరి వంట. ముప్పై ఏళ్ళ తర్వాత, సోమవారం, ఆయన అక్క వేల్స్ నుంచి వస్తోంది. ఆమె కోసమే అక్కడి జూలై చలిలో ఏరుకొచ్చి ఆరు గంటలు ఉడికించాడు.

రాజేశ్వరమ్మకు సిగ్గుతో చచ్చినంత పనైంది. ఇన్నేళ్ళలో ఇన్ని గిన్నెల్లో చేయి పెట్టింది, ఇది ఎవరి కోసమని ఒక్కసారైనా అడిగిందా? కిష్టయ్య తిట్టలేదు. అది ఇంకా బాధగా ఉంది.

ఆదివారం పొద్దున్నే, నీళ్ళు వెనక్కి తగ్గగానే, చీర ఎగదోపి ఎల్విన్ గంబూట్లు తొడుక్కుని ఆయనతోపాటు రాళ్ళమీదికి దిగింది. ఆమె కొంగు గాలికి ఎగిరి ఎల్విన్ ముఖానికి చుట్టుకుంటే ఆయన కాసేపు దారి తెలియక తడుముకున్నాడు. మొత్తానికి సంచీ నిండింది. గిన్నె పొయ్యి ఎక్కగానే ఆమె పోపు డబ్బా తీసి భర్త చేతిలో పెట్టింది.

"కార్ల పెట్టి తాళమెయ్యుర్రి."

ఆరు గంటలు కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చుంది. చివరికి ఎల్విన్ చెంచాతో కొంచెం ఇచ్చాడు. ఉప్పటి జిగురు. చేయి అలవాటుగా బ్యాగు కోసం తడిమింది.

"మీ అమ్మదేనా?" అని అడిగింది.

ఆయన రుచి చూసి తలూపాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"చాలా బాగుంది," అంది రాజేశ్వరమ్మ.

గుమ్మంలో ఉన్న కిష్టయ్య నోరు తెరిచాడు. "ముప్పయ్యేండ్ల సంది నా చాయ్ తాగుతున్నవు. ఒక్కనాడన్న గా మాటన్నవా?"

"రేపు పెట్టుర్రి, తాగుత. అల్లం నేను..." అనబోయి ఆగింది. "మీరే ఎయ్యుర్రి."