తెల్లగుడ్డ మీద నా చేతిపని

హైటెక్ సిటీ కొత్తగా వెలసిన రోజులవి. కంప్యూటర్లొచ్చి, బోర్డులు రాసే నాకు పని లేకుండా పోయింది. మాదాపూర్‌లో ప్రకటనల కంపెనీల పండుగని తెలిసి మా ఆవిడ, "పెద్దోళ్లొస్తరంట, జర నీ చేతిపని చూపియ్యి. ఒక్క ఆర్డరన్న దొరుకుతది" అని తరిమింది.

స్టేజీ మీద తెల్లగుడ్డ బిగించి ఉంది. బ్యానర్ కోసమే అనుకొని, అందరూ భోజనాలకు వెళ్ళగానే వెంట తెచ్చుకున్న ఎర్రరంగుతో 'స్వాగతం' అని బారెడు అక్షరాలు రాశాను.

"ఏం జేసినవ్‌రా! అది సినిమా తెర!" అంటూ వాచ్‌మన్ కాలర్ పట్టుకున్నాడు.

ఇంతలో జనం వచ్చారు, ప్రొజెక్టర్ వెలిగింది. తెర మీద సబ్బు ప్రకటన మొదలైంది, అందులోని సుందరి మొహమంతా నా స్వాగతమే! "వాహ్, ఏం క్రియేటివిటీ!" అని మేధావులంతా లేచి చప్పట్లు కొట్టారు.

"సార్, నేనే రాసిన. పనుంటే ఇప్పియ్యండి" అన్నాను.

"పోవయ్యా, అది బొంబాయి ఆర్టిస్టు పని" అన్నారు.

ఆర్డరు రాలేదు. ఎర్రరంగు కారుతున్న చెయ్యి ఎదురుగా ఉన్నా కనబడకపోవాలంటే ఎంత చదవాలో, బడి మానేసిన నాకేం తెలుసు!