గడియ మీద చెయ్యి

"మంచి పుస్తకాలేమన్నా ఉన్నాయాండీ?" అని అడిగాను. రాజమండ్రిలో ఆ పుస్తకాల షాపాయన నన్ను ఎగాదిగా చూసి, "ఏ పరీక్షకండీ?" అన్నాడు.

నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాను. రాత్రంతా వార్డులో తిరిగి, పొద్దున్నే యూనిఫాం మీద చున్నీ కప్పుకుని వచ్చిన మనిషికి పరీక్ష తప్ప పుస్తకంతో ఇంకేం పని అనుకున్నాడు కాబోలు. "పరీక్షకి కాదండీ, ఊరికే చదువుకోడానికి," అన్నాను. ఆయన ఇంకా తికమకపడ్డాడు. లోపలికి వెళ్ళి వంటల పుస్తకం ఒకటి, త్వరగా ధనవంతులయ్యే కిటుకుల పుస్తకం ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. నమస్కారం పెట్టి బయటపడ్డాను.

నాకు నిర్ఘాంతపోవడం ఎక్కువ. నర్సుకి ఉండకూడని గుణమే. అయితే రక్తం చూసి కాదు. యాక్సిడెంటు కేసు వస్తే నా చేతులు వణకవు. మనుషులు మామూలుగా అనేసే మాటలకే నాకు దిమ్మ తిరుగుతుంది. డ్యూటీ నుంచి ఇల్లు చేరగానే మా అత్తగారు, "రాత్రంతా కుర్చీలో కూర్చునేగా ఉంటావు, ఆ బట్టలు నానబెట్టేసి పడుకో," అంటే కాసేపు నోట మాట రాదు.

పడుకున్నా నిద్ర రాదు. కళ్ళు మూసుకుంటే మానిటర్ల కూత చెవుల్లోనే ఉంటుంది. దాన్ని ఆపే మందు నాకు తెలిసి మంచి కథ ఒక్కటే. ఫోన్లో చదవలేను. అందుకే డ్యూటీ దిగాక గోదావరి దాటి కొవ్వూరు వెళ్ళే బస్సెక్కేముందు, పాత పుస్తకాల బళ్ళ చుట్టూ ఒక ప్రదక్షిణ చేయందే కాలు కదిలేది కాదు.

దొరికాక ఇంట్లో చదవడం ఇంకో యజ్ఞం. మాది చర్చి వెనక వీధిలో ఇల్లు. అత్తగారు అక్కడి స్త్రీల సమాజానికి పెద్ద. ఆవిడ దృష్టిలో నవలంటే ఒట్టి కల్ల. "లేని మనుషుల కోసం ఏడుస్తారేంటమ్మా? ఉన్నవాళ్ళు చాలట్లేదా?" అనేవారు. బడిపంతులుగా చేసి రిటైరైన మా మావగారు ఒకప్పుడు కథలంటే ప్రాణం పెట్టేవారట. పెళ్ళయిన కొత్తలో ఆవిడ ఒక్క మాట అంటే మానేశారట. అంత తేలిగ్గా ఎలా మానేశారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నేను మానలేదు, దారి వెతుక్కున్నాను. మా చర్చిలో అందరి బైబిళ్ళకీ నల్ల రెగ్జిన్ కవరు, చుట్టూ జిప్పు ఉంటుంది. అలాంటివి రెండు కొన్నాను. ఒకదాంట్లో బైబిలు, ఒకదాంట్లో నవల. తేడా తెలియడానికి నవల ఉన్న కవరు జిప్పుకి ఎర్ర దారం కట్టుకున్నాను. వార్డు సద్దుమణిగాక నేను ఆ కవరు విప్పితే, మేట్రన్ గారు కొత్త సిస్టర్లతో, "ఆవిడని చూసి నేర్చుకోండర్రా," అనేవారు. నవ్వు ఆపుకోలేక చచ్చేదాన్ని.

ఒక ఉదయం కోటగుమ్మం దగ్గర బండి మీద అట్ట ఊడిన బైండు ఒకటి దొరికింది. పూర్వం వారపత్రికలో సీరియల్ నచ్చితే, ఇళ్ళలో వారం వారం ఆ కాగితాలు చించి దాచి, దారంతో కుట్టించి అట్ట వేయించుకునేవారు. అలా ఎవరో ప్రేమగా కుట్టించుకున్నది. బస్సులో మొదటి పేజీ తెరిచాను, కొవ్వూరు స్టాండు దాటిపోయినా దిగలేదు.

ఇల్లు చేరేసరికి మావగారు వరండాలో నవారు మంచం మీద ఉన్నారు. షుగర్ వల్ల ఆయన చూపు దాదాపు పోయింది. పొద్దున్నపూట ఆయనకి బైబిల్లోంచి వాక్యం చదివి వినిపించడం నా వంతు. ఆ రోజు వాక్యం అయ్యాక చుట్టూ చూసి, వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపిస్తోందని రూఢి చేసుకుని, "మావయ్యగారూ, ఇదొకటి వినండి," అని మెల్లగా సీరియల్లో మొదటి వాక్యం చదివాను. రెండో వాక్యం ఆయన చెప్పేశారు.

అక్షరం పొల్లుపోకుండా! నేను పుస్తకం వంకా, ఆయన వంకా మార్చి మార్చి చూశాను. చూపు లేని ఆ కళ్ళ నిండా నీళ్ళు. "ఎక్కడ దొరికిందమ్మా ఇది?" అన్నారు.

ఆయన పట్టిసీమకి ఎగువన కొండల్లో ఒక బడిలో పనిచేసే రోజుల్లో ఆ సీరియల్ వచ్చేదట. పత్రిక లాంచీ మీద రావాలి. ఆయన రేవులో నిలబడి లాంచీ కోసం ఎదురుచూసేవారు. సరిగ్గా కథ చివరికొచ్చేసరికి గోదావరికి వరదొచ్చింది, లాంచీలు ఆగిపోయాయి. ఆ వారాల పత్రికలు ఆయనకి మళ్ళీ దొరకలేదు. తర్వాత పెళ్ళి, ఆవిడ మాట. "చివరేమైందో తెలీకుండానే ముసలాణ్ణయిపోయానమ్మా," అన్నారు.

అప్పట్నుంచి రోజూ పొద్దున్న అదే పని. కథంతా ఒక ఆడమనిషిది. మొగుడు చెప్పా పెట్టకుండా వెళ్ళిపోతాడు. ఆవిడ ఒంటిచేత్తో పిల్లల్ని పెంచి, పొలం నిలబెట్టుకుంటుంది. నేను వాక్యం చదివే రాగంలోనే కథ చదివేదాన్ని. ఒక్కోసారి వంటింట్లోంచి అత్తగారు, "ఆమేన్," అనేవారు. మేమిద్దరం నోరు నొక్కుకుని నవ్వుకునేవాళ్ళం. ఆ రోజుల్లో మా ఇంట్లో కూరలు తెగ మాడేవి. పెద్దావిడకి మతిమరుపు వస్తోందనుకున్నాను.

ఇంకో నాలుగు పేజీల్లో అయిపోతుందనగా ముందుకి తిరగేసి చూశాను. వానరాత్రి, ఆ మొగుడు ఇన్నేళ్ళకి తిరిగొచ్చి తలుపు తడతాడు. ఆవిడ లేచి వెళ్ళి గడియ మీద చెయ్యి వేస్తుంది. అంతే. కింద "వచ్చే వారం" అని ఉంది. ఆ తర్వాత అట్టే. కుట్టించుకున్నవాళ్ళకీ చివరి వారాలు దొరకలేదన్నమాట.

చదవడం ఆపగానే మావగారు, "తీసిందా?" అన్నారు.

"ఇంతవరకే ఉందండీ."

ఆయన పక్కకి తిరిగి పడుకున్నారు. ఆ వీపు చూస్తే నాకు ఏడుపొచ్చింది. చావుబతుకుల్లో ఉన్నవాళ్ళ బంధువులకి రోజూ ధైర్యం చెప్పే నాకు, సీరియల్ చివర అందని పెద్దాయనకి చెప్పడానికి ఒక్క మాట దొరకలేదు. ఎలాగైనా అది తెచ్చి ఆయనకి వినిపించాలని ఒట్టు పెట్టుకున్నాను.

ఆ తర్వాత చూడాలి నా అవస్థ. బళ్ళవాళ్ళు నన్ను చూడగానే, "రాలేదండీ," అని తల అడ్డంగా ఊపేవారు. లైబ్రరీలో అడిగితే, పాత వారపత్రికలకి చెద పట్టి పారేశామన్నారు. పుస్తకాల వాట్సాప్ గ్రూపులో పెడితే, "మీకు దొరికితే నాకూ చెప్పండి" అని బోలెడుమంది రాశారు. ఈలోగా మావగారికి ఆయాసం మొదలైంది. కాళ్ళ వాపు చూసి నాకు అర్థమైంది. నర్సు కళ్ళకి కొన్ని కనబడకపోతే బాగుండనిపిస్తుంది. గుండె డాక్టరుగారు మందులు మార్చి, "జాగ్రత్తగా చూసుకోండి," అన్నారు. ఆ మాట డాక్టర్లు ఎప్పుడంటారో నాకు తెలుసు.

అప్పుడు గ్రూపులో చూసి తుని నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. వాళ్ళమ్మ పెట్టెలో ఆ సీరియల్ చివరి వారాల కాగితాలు విడిగా ఉన్నాయట. సెలవు రోజున రైలెక్కి వెళ్ళాను. ఆవిడ కాఫీ ఇచ్చి, పురికొసతో కట్టిన కట్ట నా చేతిలో పెట్టారు. పైకాగితం మీద బొమ్మ చూశాను. తలుపు, గడియ, దాని మీద గాజుల చెయ్యి. "ఎంతివ్వమంటారండీ?" అంటే, "పెద్దాయన వింటారన్నారుగా, చాల్లెండి," అన్నారు. ముక్కూ మొహం తెలియని మనిషి! తిరిగొచ్చేటప్పుడు రైల్లో ఆ కట్ట విప్పలేదు. ఆయనతో పాటే తెలుసుకోవాలనుకున్నాను.

సాయంత్రం ఇల్లు చేరి, మంచం పక్కన కూర్చుని, "దొరికిందండీ," అన్నాను. మావగారు కాగితాలు తడిమి చూసుకున్నారు. వాసన చూశారు. చదవబోతే నా చెయ్యి పట్టుకుని ఆపేశారు.

"నీకు డ్యూటీకి టైమైపోతోందమ్మా. హడావిడిగా వద్దు. రేపు పొద్దున్న తీరిగ్గా విందాం. ఇన్నేళ్ళు ఆగినవాణ్ణి, ఒక్క రాత్రి ఆగలేనా?"

సరేనని బైండూ, కాగితాలూ కలిపి ఎర్ర దారం కవరులో పెట్టి, ఆయన తలగడ పక్కన ఉంచి బస్సెక్కాను.

ఆ రాత్రి నాకు క్యాజువాలిటీలో డ్యూటీ. అంబులెన్సు వచ్చింది. స్ట్రెచర్ కోసం పరిగెత్తాను. ముందు మంకీ క్యాప్ కనబడింది. ఇలాంటిదే మా మావగారికీ ఉంది అనుకున్నాను. స్ట్రెచర్ వెనక మా ఆయన నిలబడి ఉన్నాడు. అయినా నా బుర్రకి ఎక్కలేదు, ఈయన ఇక్కడికెందుకొచ్చాడా అనే అనుకున్నాను. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఛాతీ మీద నొక్కుతూనే ఉన్నాను. డ్యూటీ డాక్టరుగారు నా భుజం మీద చెయ్యి వేసి, "సిస్టర్, ఇక చాలు," అన్నారు. అదే మాట నేను ఎంతమందికి చెప్పానో. వినడం అంత కష్టమని నాకు తెలీదు.

మర్నాడు ఇంటి ముందు షామియానా వేశారు. ఆయన్ని పెట్టెలో పడుకోబెట్టారు. మాలో పోయినవారి బైబిలు గుండెల మీద పెట్టి, చేతులు దాని మీద చేర్చి పంపుతారు. చర్చి ఆడవాళ్ళు బైబిలు ఇమ్మంటే అత్తగారు తానే లేచి గదిలోకి వెళ్ళి తెచ్చి పెట్టారు. నేను తల మీద నీళ్ళు పోసుకుని వచ్చి పెట్టె దగ్గర నిలబడ్డాను. ఆయన చేతుల కింద నల్ల కవరు. జిప్పుకి ఎర్ర దారం.

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఊరంతా అక్కడే ఉంది. పంతులుగారి గుండెల మీద నవల! పైగా చివర కూడా అందులోనే ఉంది. ఆయన వినలేదు, నేను చదవలేదు, ఇక అది మట్టిలోకి పోతుంది. అత్తగారి పక్కకి చేరి చెవిలో, "అత్తయ్యగారూ, అది బైబిలు కాదండీ," అన్నాను. ఆవిడ నా వైపు చూడలేదు. నా ముంజేయి గట్టిగా పట్టుకుని, "ఊరుకో," అన్నారు.

ఇంతలో పాస్టరుగారు వచ్చారు. తన బైబిలు స్కూటర్లో ఉండిపోయిందో ఏమో, పెద్దాయన చేతుల కింది కవరు అందుకోబోయారు. జిప్పు మీద ఆయన వేళ్ళు పడ్డాయి.

"దాన్ని కదపకండి అయ్యగారూ," అన్నారు అత్తగారు. చర్చిలో వరసలు సర్దే గొంతు అది. "ఆయనది ఆయన దగ్గరే ఉండనివ్వండి. మీకు వేరేది ఇప్పిస్తాను."

లోపల్నుంచి ఎవరో ఇంకో బైబిలు తెచ్చారు. అది నాది. ప్రార్థన అయింది, పెట్టె మూశారు. మేకుల చప్పుడు వింటూ నేను అత్తగారి మొహమే చూస్తున్నాను.

చుట్టాలందరూ వెళ్ళాక ఒక ఉదయం డ్యూటీ దిగి వచ్చాను. అత్తగారు వరండాలో ఆయన మంచం మీద కూర్చుని ఉన్నారు. బట్టల సంగతి ఎత్తలేదు. పక్కన కూర్చోగానే కొంగు చాటునుంచి పురికొస కట్ట తీసి నా ఒళ్ళో పెట్టారు.

"విన్నంతవరకు ఆయనతో పంపాను. విననిది తీసి ఉంచాను," అన్నారు.

"మీకు ముందే తెలుసాండీ?"

"ఏ వాక్యంలో ఉందమ్మా, ఆవిడ కొబ్బరితోట కౌలుకిచ్చినట్టు?" అన్నారు. నవ్వబోయి నవ్వలేకపోయారు. "పొయ్యి మీద కూర మాడిపోతున్నా కదిలేదాన్ని కాదు. ఆ రాత్రి పడుకునే ముందు, 'రేపు తెలుస్తుందే,' అన్నారు. 'ఏంటండీ?' అన్నాను, అన్నీ తెలిసీ. 'ఏం లేదులే, వాక్యం,' అన్నారు పాపం, భయపడి. నేనూ వింటున్నానండీ అని ఒక్క మాట అనలేకపోయాను. అంటే ఎంత సంబరపడేవారో."

ఆవిడ ఏడవడం నేను అదే చూడటం. పెట్టె దగ్గర కూడా ఏడవలేదు.

కళ్ళు తుడుచుకుని, "చదువు," అన్నారు. "రాగం తియ్యక్కర్లేదు, మామూలుగా చదువు. రేపు నేను ఆయన దగ్గరికి వెళ్ళాక ముందు అదే అడుగుతారు. తీసిందా అని. నేను చెప్పాలి కదా."

చదివాను. అయిపోయాక ఆవిడ చివరి పేజీ మళ్ళీ చదవమన్నారు. సండే స్కూల్లో పిల్లలకి కంఠత వాక్యం నేర్పినట్టు, నేనొక వాక్యం చదివితే ఆవిడ తిరిగి చెప్పేవారు. అక్కడికి పుస్తకం పట్టుకెళ్ళనివ్వరు కదా అన్నారు. రోజూ పొద్దున్న అదే పని. ఇప్పుడు ఆవిడకి చివరి పేజీ అంతా నోటికొచ్చు.

వాట్సాప్ గ్రూపులోవాళ్ళు ఇంకా అడుగుతూనే ఉన్నారు, ఆవిడ తలుపు తీసిందా లేదా అని. చెబుదామా అంటే అత్తగారు ఒప్పుకోవట్లేదు. ముందు ఆయన వినాలట.