అత్త అడిగిన కూడు

మా అత్త పోయి నిన్నటికి పదకొండు రోజులు. అరవదేశంలోని ఈ ఒర్లియంపేటలో మా వీధివాళ్ళకు ఆమె 'పురుగులామె'. ఇది చదివేవాళ్ళకు ఆమె విషజ్వరంలో పోయిన ఎందరిలోనో ఒకతె, అంతే. కానీ ఆమె చివరిమాటను తప్పుగా విన్నది నేను. అందుకే రాస్తున్నాను.

నేను నెల్లూరు నుంచి కోడలిగా వచ్చేసరికి ఈ పెరట్లో కూరగాయ మొక్క ఒక్కటీ లేదు. నిమ్మ, కరివేప, జిల్లేడు, కంచె మీద ఈశ్వరి తీగ. అన్నిటి ఆకులూ కొరికేసి ఉన్నాయి. ఇదేం పెంపకమని ముక్కు విరిచాను. అత్త అప్పట్లో కాలువ అవతల ఒక దొరసాని తోటలో పనిచేసేది. ఆకులు తినే పురుగుల్ని ఏరి నలిపెయ్యడం పని. ఏరేది కానీ నలిపేది కాదు. ఆకుతో సహా కొంగున ముడేసుకుని ఇంటికి తెచ్చేది. తోట శుభ్రంగా ఉందని మెచ్చుకుని దొరసాని ఒక బిస్కెట్ల రేకుడబ్బా ఇచ్చిందట. అది చెప్పినప్పుడల్లా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

నాకు ఏ పురుగైనా గొంగళిపురుగే, ముట్టుకుంటే దురద.

"అన్నీ ఒకటే అంటే ఎట్టా? మొదట ఆకు సూడు. ఎవరి బిడ్డో ఆకే చెప్తాది," అనేది అత్త.

నిమ్మాకు మీద పిట్టరెట్టలా కనిపించే పురుగు కొన్నాళ్ళకు పచ్చగా మారడం, వేలు తగిలితే తల వెనక నుంచి నారింజరంగు కొమ్ములు బయటపెట్టడం ఆమే చూపింది. జిల్లేడు మీద చారలది. ఈశ్వరి మీద ఎర్రముళ్ళది. ఒకసారి నేను ఈశ్వరి పురుగును తెచ్చి కరివేప మీద వేశాను. ఆకు ముట్టకుండానే చచ్చిపోయింది.

"అది వేరే ఆకు తినదు పాపా. చావనైనా చస్తాది," అంది. తిట్టినా బాగుండేది.

ఇక్కడి తెలుగులో సగం అరవం. పురుగు సీతాకోకచిలుకగా మారేముందు కట్టుకునే గూటిని అత్త అరవంలో లాగా 'కూడు' అనేది. వాటిని దొరసాని ఇచ్చిన ఆ రేకుడబ్బాలోనే దాచేది. మాకు కూడంటే అన్నం. వచ్చిన కొత్తలో ఒకనాడు "డబ్బాలో కూడుంది, సూసుకో," అని చెప్పి పనికి పోయింది. తెరిచి చూస్తే ఆకులూ పుల్లలే తప్ప అన్నం లేదు. పురుగులకు పెట్టమందేమో అనుకుని పిడికెడు మెతుకులు వేశాను. సాయంత్రానికి డబ్బా నిండా చీమలు. ఆ రోజు మాత్రం తిట్టింది. తర్వాత ఏళ్ళ తరబడి, కనిపించినవాళ్ళందరికీ చెప్పి నన్ను ఏడిపించింది: "మా కోడలు కూటికి కూడు పెట్టింది."

బల్లులకూ చీమలకూ భయపడి ఆ డబ్బాకు మూత బిగించి ఉంచేది. మూతకు మేకుతో పొడిచిన చిల్లులు. గూడు నల్లబడి లోపలి రెక్కలు కనిపించాయంటే మర్నాడు తెల్లవారగానే మూత తీసి నిమ్మచెట్టు కింద పెట్టేది. "వచ్చినోళ్ళని మూసిపెట్టకూడదు," అనేది. ఆ చీమల రోజు తర్వాత ఆ మూత ఆమె తప్ప ఎవరమూ తీసేవాళ్ళం కాదు.

జ్వరం వచ్చిన మూడు రోజులూ ఆమె గంజి కూడా మింగలేదు. మా ఆయనా జ్వరంతో పక్కగదిలో పడున్నాడు. ఏదో ఒకటి తినకపోతే దక్కదని మందిచ్చినాయన చెప్పి పోయాడు. నాలుగో రోజు పొద్దున అత్త కళ్ళు తెరిచింది.

"కూడు," అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. అన్నం మెత్తగా పిసికి, మజ్జిగ పోసి, పరుగున తెచ్చాను.

"ఇదిగో అత్తా, కూడు."

ఆమె గిన్నె వైపు చూసి తల అడ్డంగా తిప్పింది. "కూడు సూడు. కూడు..."

"చూశానత్తా. మెత్తగానే ఉడికింది. ఒక్క ముద్ద తిను."

బలవంతాన పెదవుల మధ్య పెట్టాను. అది చెంప మీదుగా కారిపోయింది. ఆమె మళ్ళీ అడగలేదు. సాయంత్రం పోయింది.

నిన్న ఇల్లు కడుగుతుంటే రోలు వెనక ఆ డబ్బా కనబడింది. మూత గట్టిగా బిగించి ఉంది. లోపల పుల్లలకు ఏడు ఖాళీ గూళ్ళు, అడుగున ఏడు నిమ్మ సీతాకోకచిలుకలు. కొట్టుకుని కొట్టుకుని రెక్కలు ఈనెలు మాత్రమే మిగిలేలా చిరిగిపోయాయి. ఆ మాటకు అర్థం తెలియని కొత్తకోడలిని కాదు నేను. ఈ ఇంట్లో ఆ మాట నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

వాటిని నిమ్మచెట్టు మొదట్లో పూడ్చి డబ్బా కడిగాను. మూత లోపలివైపు, మేకు చిల్లుల చుట్టూ, రెక్కల పొడి పసుపుపచ్చగా దట్టంగా అంటుకుని ఉంది. మూత మాత్రం కడగలేదు.