యాద్వీగా అమ్మమ్మకు వేరే కంచం

గల్ఫ్‌లో ఒక శనివారం పొద్దున అలేస్యా అబూ హమూర్ హోల్‌సేల్ మార్కెట్లో బార్లీ గింజలు కొని, అల్ అజీజియాలోని ఫ్లాట్‌కు వచ్చి నానబెట్టింది. ఆమె జిమ్నాస్టిక్స్ కోచ్. ఆ రోజు క్లాసులు ఇంకొకరికి అప్పగించింది.

ఆమెది బెలారుస్. అక్కడ నవంబరు మొదట్లో 'జ్యదీ' వస్తుంది. చనిపోయిన పెద్దలను ఇంటికి భోజనానికి పిలిచే రోజు. వాళ్ళకు వేరే కంచం పెట్టి, ప్రతి వంటకంలోనూ మొదటి చెంచా అందులో వేస్తారు.

అలేస్యాను ఆరేళ్ళు వచ్చేదాకా పల్లెలో పెంచింది అమ్మమ్మ యాద్వీగా. ఆమె చివరిదాకా బెలారుసియన్‌లోనే మాట్లాడింది. సోవియట్ కాలంలో మిన్స్క్ ఫ్యాక్టరీలో చేరిన అమ్మ మాత్రం, పల్లె మాట వింటే తోటివాళ్ళు నవ్వుతున్నారని రష్యన్‌కు మారిపోయింది. దేశం వేరయ్యాక కూడా అలేస్యా చదివింది రష్యన్ బడిలోనే. అమ్మమ్మ భాష ఆమెకు అర్థమవుతుంది, నోటికి రాదు.

ఈ వేసవిలో యాద్వీగా పోయింది. అలేస్యా చివరి చూపుకు వెళ్ళలేకపోయింది. కనీసం ఈ పిలుపైనా అమ్మమ్మ భాషలో పిలవాలని, మిన్స్క్ స్నేహితురాలు చెప్పిన మాటలు వారంగా బట్టీ పడుతోంది.

భర్త నగేష్ ఫిజియోథెరపిస్టు. బెలారుస్‌లోని గ్రోద్నోలో చదివేటప్పుడు పరిచయం. వంటింట్లోకి తొంగి చూశాడు.

"గిది పెద్దలకు పెట్టే మా పెత్రమాస లెక్కనే ఉన్నది. గారెలేవి మరి?"

"గారెల్లేవ్. అట్లు ఉన్నయ్. గారెలే గావాల్నంటే మీ అమ్మకు ఫోన్ చెయ్యి."

అత్త గంగాబాయి దగ్గర ఫోన్లో నేర్చుకున్న జగిత్యాల తెలుగు ఆమెది.

సాయంత్రం బల్ల సర్దింది. అమ్మమ్మ రావడానికి కిటికీ తెరిచింది. నిలబడి మొదలుపెట్టింది. నోట్లోంచి రష్యన్ వచ్చింది. ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది. రెండో మాట దగ్గర మళ్ళీ రష్యనే. కుర్చీలో కూలబడింది.

తొమ్మిదేళ్ళ కూతురు మీరా అడిగింది. "రష్యన్‌ల చెప్తే ఆమెకు సమజ్ గాదా అమ్మా?"

"అయితది. గని ఆఫీసు నుంచి ఎవరో పిలిచినట్టుంటది."

"బట్టీ పట్టింది ఇడ్సిపెట్టు," అన్నాడు నగేష్. "చిన్నప్పుడు ఆమె నిన్ను తిననీకి ఎట్ల పిలుస్తుండె?"

యాద్వీగా గేటు దగ్గర నిలబడి, వీధి చివరిదాకా వినబడేలా ఒకే కేక వేసేది. దాన్ని ఎవరూ నేర్పలేదు, ఎవరూ మాన్పించలేదు. అలేస్యా కిటికీ వైపు తిరిగింది.

"ఖద్జీ యేస్త్సీ, బబూల్యా!"

రా, తిందువుగాని, అమ్మమ్మా. గొంతు పల్లెదే.

మీరా కూడా అందుకుని ఇంకా గట్టిగా అరిచింది. కింద వాచ్‌మన్ తలెత్తి చూశాడు.

"మెల్లగ! ఆయన పైకొస్తడు," అన్నాడు నగేష్.

"రానియ్యి. ఆయనకు గుడ పెడ్త," అంది అలేస్యా, కళ్ళు తుడుచుకుంటూ.

తేనె కలిపిన బార్లీ మొదటి చెంచా మీరా తీసి వేరే కంచంలో వేసింది. తర్వాత ముగ్గురూ తిన్నారు.