ఫ్యూజు హోల్డర్లో రాగిపోగులు

లారీల వైరింగులో ఇరవయ్యారేళ్ళ అనుభవమూ, కోపంలో యాభై రెండేళ్ళ అనుభవమూ ఉన్న ఆ మనిషిని ఎదురుగా ఉన్నప్పుడు అందరూ మేస్త్రీ అనేవారు. వీపు తిప్పగానే భగభగ మేస్త్రి అనేవారు. మొదటి పిలుపుకి ఆయన పలికేవాడు. రెండోది విన్నా విననట్టుండేవాడు. ఆయన వయసూ యాభై రెండే కాబట్టి, ఆ పేరులో అబద్ధమేమీ లేదని ఆయనకీ తెలుసు.

ఆ కోపానికి మూలమెక్కడా అని వీధిలో చాలా పరిశోధన జరిగింది. వయసులో ఉండగా ఆయన వైరింగు చేసిన లారీ ఒకటి తగలబడిందనీ, అప్పటినుంచీ ఇలా అయ్యాడనీ ఆయన షెడ్డు ఎదుటి టైర్ల షాపతను ఒక సిద్ధాంతం లేవదీశాడు. అది నిలవలేదు. ఆయన చెయ్యి పడ్డ లారీ ఏదీ తగలబడలేదు. తల్లి బతికుండగా ఇచ్చిన వాంగ్మూలం ప్రకారం, ఉయ్యాలలో ఉన్నప్పుడే ఆయన ఉయ్యాల తాడు ముడిని అనుమానంగా చూసేవాడట.

అయితే ఆ కోపానికి ఒక క్రమశిక్షణ ఉండేది. ఎండ మీదా, ధరల మీదా, పాలించేవాళ్ళ మీదా దాన్ని వృథా చేసేవాడు కాదు. రెండు తీగలు మెలిపెట్టి, పైన టేపు చుట్టి, ‘ప్రస్తుతానికి పనైపోయింది’ అని చేతులు దులుపుకునే జాతి ఒకటుంది. ఆయన కోపమంతా ఆ జాతి పేర రాసిపెట్టిన ఆస్తి. లారీ క్యాబిన్లో తల దూర్చి ఆయన అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ‘ఎవడు వేశాడీ వైరు?’ ఆ వేసినవాడు ఎక్కడున్నాడో ఎవరికీ తెలిసేది కాదు. వాడి పరోక్షంలోనే విచారణ జరిగి, అక్కడికక్కడే తీర్పు వెలువడేది. శిక్ష మాత్రం ఎదురుగా దొరికిన డ్రైవరు అనుభవించేవాడు. డ్రైవర్లు తలొంచుకుని తిట్లు తిని, టీ తాగి, మళ్ళీ ఆయన దగ్గరకే వచ్చేవారు. ఆయన వేసిన వైరు మళ్ళీ ముట్టుకునే అవసరం రాదు మరి.

ఆయన భార్యకి ఒక తమ్ముడున్నాడు. తల్లి పోయాక ఆవిడే వాణ్ణి చంకనేసుకుని పెంచింది. పెళ్ళయి వస్తూ ఆరేళ్ళవాణ్ణి వెంటబెట్టుకునే వచ్చింది. ఆ విధంగా బావమరిది బావ కోపం నీడలోనే పెరిగి, నీడలో మొక్క ఎండ కోసం సాగినట్టు ఆరడుగుల మూడంగుళాలు సాగాడు. పదేళ్ళు ఎవరెవరివో లారీలు తోలి, చివరికి సొంతంగా ఒక పాత లారీ కొనుక్కున్నాడు. దూరాలు పోయే బండి. సీటు వెనక మనిషి పడుకునేంత బల్ల ఉంది. నెలలో ఇరవై రోజులు వాడి ఇల్లూ పడకా అదే.

వాడికి పాటలు కావాలి. పాట లేకపోతే రోడ్డు మీద కళ్ళు మూతలు పడతాయన్నాడు. ఒక స్టీరియో, ఒక ఆంప్లిఫయరు, నాలుగు స్పీకర్లు అట్టపెట్టెల్లో పట్టుకుని బావ దగ్గరకొచ్చాడు. ఇంకెక్కడికైనా పోతే బతకనివ్వడని తెలుసు.

ఇద్దరూ షెడ్డుకి బయల్దేరేముందు అక్క గుమ్మం దాకా వచ్చి మొగుడితో ఒక్క మాటంది. “వాడు అందులోనే పడుకుంటాడు. అది గుర్తుపెట్టుకుని చెయ్యండి.”

ఆవిడ ఆయనకి పని గురించి చెప్పడం కాపురంలో అదే మొదలు. ఆయనకి ఒళ్ళు మండింది. గుర్తు మాత్రం పెట్టుకున్నాడు.

పని రెండు రోజులు సాగింది. లారీలో రెండు బ్యాటరీలు కలిసి ఇరవైనాలుగు వోల్టులిస్తాయి. స్టీరియోకి కావలసింది పన్నెండు. బద్ధకస్తులు ఒక్క బ్యాటరీ నుంచే తీగ లాగేసి పాట పెట్టేస్తారు. దాంతో ఒక బ్యాటరీ ఆకలితోనూ, రెండోది అజీర్తితోనూ చస్తాయి. మేస్త్రి అలాంటి పాపానికి ఒడిగట్టేవాడు కాదు. వోల్టులు తగ్గించే కన్వర్టరు తెప్పించి బల్ల కింద బిగించాడు. బ్యాటరీకి జానెడు దూరంలో ఫ్యూజు పెట్టాడు. రేకు అంచు తీగని కొయ్యకుండా, తీగ దూరే ప్రతి కంతకీ రబ్బరు బుష్షు తొడిగాడు. ఎర్తు వైరు బిగించేచోట రంగు గోకి, ఇనుము తళతళలాడేదాకా రుద్దాడు. ఇన్నీ చేస్తూ, బండి పాత యజమాని తలుపులకి కోసిన స్పీకరు కంతల్ని చూసి, ఆ యజమాని మూడు తరాల వాళ్ళనీ పేరుపేరునా కాకపోయినా వరసవరసనా స్మరించాడు.

రెండో రోజు మధ్యాహ్నం ఆ స్మరణ మంచి పాకంలో ఉండగా, బ్యాటరీ తీగని డ్రైవరు సీటు కిందుగా లాగాల్సి వచ్చింది. సీటు ముందుకి జరిగిపోయి ఉంది. అది జారే పట్టాలు తుప్పెక్కి కదలడంలేదు. ఇది జరగదా అని అడిగాడు. జరగదు బావా, కొన్నప్పటినుంచీ అంతే అన్నాడు బావమరిది. పాత యజమాని పొట్టివాడట. ఎవడి మాటా నమ్మని మేస్త్రి ఆ మాట నమ్మాడు. అప్పటికి ఎడమ తలుపు కంత విషయంలో తిట్టు సగంలో ఉంది. అది వదిలేసి సీటుతో కుస్తీ పట్టడానికి మనసొప్పలేదు. తీగని పట్టా పక్కగా లాగి, ముడతల గొట్టంలో పెట్టి, క్లిప్పులు కొట్టాడు.

సాయంత్రం పాట పెడితే టైర్ల షాపులో వేలాడదీసిన ట్యూబులు ఊగాయి. బావమరిది మొహం వెలిగింది. మేస్త్రి వాడి చేతిలో చిన్న డబ్బా పెట్టాడు. అందులో మూడు ఫ్యూజులున్నాయి. ఒకటి పోతే ఇంకోటి పెట్టుకో, అదీ పోతే మాత్రం తిన్నగా నా దగ్గరకి రా, అని చెప్పాడు. చెప్పడం అంటే ఆయన పద్ధతిలో చెప్పడం. టైర్ల షాపు కాపలా కుక్క లేచి అవతలి వైపుకి వెళ్ళి పడుకుంది.

మూడు నెలల తరవాత ఒక పొద్దున బావమరిది వైపరు తిరగడంలేదని లారీ తెచ్చాడు. మేస్త్రి పావుగంటలో వైపరు సంగతి తేల్చి, అలవాటుకొద్దీ బ్యాటరీ పెట్టె వైపు నడిచాడు. బావమరిది ఆయనకన్నా ముందు నడిచి పెట్టెకి ఆనుకుని నిలబడ్డాడు. అవతల లోడు ఎదురుచూస్తోంది, ఇవాళ్టికి వైపరు చాలు, అక్క భోజనానికి రమ్మంది, అని ఒక్క ఊపిరిలో మూడు కారణాలు చెప్పాడు. ఒక్క కారణం చెప్పుంటే మేస్త్రి వెళ్ళిపోయేవాడేమో. మూడనేసరికి వాణ్ణి పక్కకి జరిపి మూత తీశాడు.

ఫ్యూజు హోల్డర్లో ఫ్యూజు లేదు. దాని స్థానంలో రాగిపోగులు నాలుగు పేనిన మెలిక ఒకటి, అటూ ఇటూ గట్టిగా కూరి, హాయిగా కూర్చునుంది.

ఫ్యూజనేది ఎందుకుంటుందంటే, తీగ ఎక్కడైనా ఇనుముకి తగిలి కరెంటు పొంగినప్పుడు అది తను చచ్చి మిగతావాటిని బతికించడానికి. దాని బదులు రాగి పెడితే అది చావదు. చావు వేరే దేనికో వస్తుంది.

మేస్త్రి వెంటనే అరవలేదు. అది చూసి టైర్ల షాపతను దుకాణం లోపలికి వెళ్ళిపోయాడు. ఆ తరవాత జరిగింది వీధి చరిత్రలో చెప్పుకోదగ్గ ఘట్టం. దాని సారాంశం ఏమిటంటే, రాగి పెట్టినవాడు మనిషి కాడు, డ్రైవరు అసలే కాడు, పద్నాలుగేళ్ళు తన ఇంట్లో పెరిగి నేర్చుకున్నది ఇదే అయితే తను పెంచింది బావమరిదిని కాదు, ఒక అగ్నిప్రమాదాన్ని.

“ఎన్నాళ్ళైంది పెట్టి?”

“ఇరవై రోజులు, బావా.”

“ఇరవై రోజులు దీని మీద పడుకున్నావా నువ్వు?”

మేస్త్రి మెలిక పీకి నేలకేసి కొట్టి, క్యాబిన్‌లోకెక్కి, సీటు కింద తల దూర్చాడు. సీటు ఇప్పుడు వెనక్కి ఉంది. ముడతల గొట్టం ఒకచోట పట్టా కింద నలిగి చీలిపోయి ఉంది. అందులో తీగ పైతొడుగు కరిగి, బెత్తెడు మేర బొగ్గయింది. దానికి జానెడు పైన బల్ల. బల్ల మీద దిండు, మడతపెట్టిన దుప్పటి.

ఆయనకి కళ్ళ ముందు ఎర్రగా అయింది. సీటు కిందినుంచే, అలవాటైన ప్రశ్న అలవాటైన గొంతుతో వచ్చింది.

“ఎవడు వేశాడీ వైరు?”

బావమరిది ఒకసారి వీధి అటూ ఇటూ చూశాడు.

“నువ్వే బావా,” అన్నాడు బావమరిది.

విచారణ చరిత్రలో మొదటిసారిగా ముద్దాయి కోర్టులో హాజరై ఉన్నాడు. మేస్త్రి సీటు కిందనే కొంతసేపు ఉండిపోయాడు. బయటికి కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కాళ్ళు కూడా కోపంగానే ఉన్నాయని తరవాత టైర్ల షాపతను చెప్పాడు.

జరిగిన సంగతి ఒక్కొక్కటే బయటికి వచ్చింది. ఆరడుగుల మూడంగుళాల మనిషి పొట్టివాడి సీట్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ఎన్నాళ్ళు తోలతాడు? పట్టాలకి నూనె పోసి, సుత్తితో కొట్టి, సీటు వెనక్కి నెట్టుకున్నాడు. దాంతోపాటే జరిగిన పట్టా పక్కనున్న తీగని నలిపింది. వారంలో ఫ్యూజు పోయింది. డబ్బాలోది పెట్టాడు. అదీ పోయింది. మూడూ అయ్యాక పాట లేకుండా ఒక రోజు తోలి, మలుపులో కునుకు పట్టి, రోడ్డు దిగబోయి ఆగాడు. ఆ భయంతో రాగి పెట్టాడు. వాసన వచ్చినప్పుడల్లా సీటు కాస్త ముందుకి జరుపుకుంటున్నాడు.

మరి నా దగ్గరకి రమ్మన్నాను కదరా అన్నాడు మేస్త్రి, బయటికి వచ్చి, నెత్తిన సాలెగూడుతో.

“వద్దామనే రెండుసార్లు వీధి మొదట దాకా వచ్చాను. ఫ్యూజు పోయిందని చెప్తే నువ్వు ఫ్యూజుని చూడవు బావా, నన్ను చూస్తావు. ఆ చూపుకన్నా ఆ వాసనే నయమనిపించింది.”

మేస్త్రికి తిట్లు నోటిదాకా వచ్చాయి. వచ్చిన ప్రతి తిట్టూ ఎవరికి చెందాలో తేలక అక్కడే ఆగింది. సీటు కదల్చి చూడని మేస్త్రిని ఇంకెవడైనా అయితే ఆయన మూడు రోజులు తిట్టేవాడు. మాడిన తీగంతా పీకేశాడు. కొత్త తీగని సీటు ఛాయలకి పోకుండా గోడవారగా తిప్పి, బిగించి, ఫ్యూజు పెట్టాడు. ఆపైన డ్రైవరు సీట్లో కూర్చుని, దాన్ని ముందుకీ వెనక్కీ నలభైసార్లు జరిపాడు. చూసేవాళ్ళకి అది పరీక్షలా కనబడలేదు, సీటుని ఎవరో కొడుతున్నట్టు కనబడింది.

మధ్యాహ్నం ఇద్దరూ భోజనానికి వెళ్ళారు. ఆవిడ వడ్డిస్తూ వైపరు బాగయిందా అని అడిగింది.

అబద్ధమాడటం ఆయనకి రాదు. వచ్చిన కోపం అణచుకోవడమూ రాదు. రెండూ కలిసి బయటికొచ్చాయి. వైపరు బాగుందనీ, నీ తమ్ముడు ఫ్యూజు బదులు రాగి పెట్టి ఇరవై రోజులు మంట మీద పడుకున్నాడనీ, అడిగితే నేనంటే భయమంటున్నాడనీ, పోతే పోనీ అనుకుందామంటే ఆ వైరు తప్పుగా వేసిన గాడిద కూడా నేనేననీ, వరసగా చెప్పేశాడు. గొంతు మాత్రం ఒక్క పిసరు తగ్గలేదు.

ఆవిడ గరిటె గిన్నెలో పెట్టింది. తమ్ముడి వంక చూసింది. వాడు కంచంలోకి చూశాడు. వాణ్ణి ఆ క్షణంలో చెంప వాయించేదే. వాడు కూర్చున్నా ఆవిడంత ఎత్తుండేసరికి ఆగింది.

“గుర్తుపెట్టుకుని చెయ్యమన్నాను,” అంది మొగుడితో.

“చేశాను. సీటు చూడలేదు.”

“సీటు సంగతి కాదు నేనంటున్నది.”

ఆవిడ వంటింటి గట్టు దగ్గరకి వెళ్ళి, గోడకి ఆనించి ఉన్న పంచదార డబ్బా పక్కకి జరిపింది. దాని వెనక గోడలో మిక్సీ పెట్టే ప్లగ్గు పాయింటు. తెల్లగా ఉండాల్సింది, సగం కాటుకలా ఉంది. ఒక కంత వంకర తిరిగిపోయింది.

మేస్త్రి ఎంగిలి చేత్తోనే లేచి దగ్గరకొచ్చి చూశాడు. ఎప్పటినుంచి అని అడిగాడు. కిందటి వానాకాలం నుంచి అంది. మిక్సీ పట్టేటప్పుడు కుడిచేత్తో ప్లగ్గు అదిమిపెట్టుకుంటే పనిచేస్తుందని కూడా చెప్పింది, ఆ చిట్కా ఆయనకి పనికొస్తుందేమో అన్నట్టు.

“ఊళ్ళో లారీలన్నీ నేను బాగుచేస్తూంటే, నా ఇంట్లో ఇదా? నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే ఎవడు వాడాడని అరుస్తారు. ఇక్కడ వాడేదాన్ని నేనొక్కదాన్నే.”

మేస్త్రి నోరు తెరిచాడు. మెడ నరాలు తేలాయి. బావమరిది అలవాటుగా కంచం తీసుకుని అవతలి గదిలోకి జరగబోయాడు. ఆవిడ కదల్లేదు, చేతులు కట్టుకుని ఆయన మొహంలోకే చూస్తూ నిలబడింది. ఆవిడ కళ్ళల్లో ఉన్నది కూడా కోపమేననీ, అది తన కోపంకన్నా పాతదనీ ఆయనకి ఆ క్షణాన అర్థమైంది. తెరిచిన నోరు మూతపడింది.

వెళ్ళి మెయిన్ స్విచ్చు కట్టేసి వచ్చాడు. చెయ్యి కడుక్కుని, స్క్రూడ్రైవరు తీసుకుని, ప్లగ్గు ముందు గొంతుక్కూర్చున్నాడు. మరలు విప్పుతూ, తల తిప్పకుండా అడిగాడు.

“ఇంకా ఎక్కడెక్కడున్నాయి?”

అరవకుండా అడిగాననే ఆయన అనుకున్నాడు. పక్కింటావిడ మాత్రం కిటికీలోంచి తొంగి చూసింది.

ఆవిడ, ఆయన రెండో మర కూడా విప్పేదాకా చూసి, పక్కన పీటేసుకుని కూర్చుని, వేళ్ళు మడవడం మొదలుపెట్టింది.

“స్నానాల గదిలో ఒకటి,” అంది.