నరహరాచారి బల్ల మీద రెండు గుడ్లు

కల్లూరు విశ్వాసమ్మ గుడ్ల గంప పెట్టుకుని కర్నూలు సంతలో కూర్చుంటే, ఆమెకు జడిసి కోళ్లు మంచి గుడ్లే పెట్టేవని చెప్పుకునేవాళ్లు. ఆమె కొడుకు శాంతయ్య ఊళ్లోని ఒక కాలేజీలో ఫిజిక్స్ డిమాన్‌స్ట్రేటరు. మాస్టర్ల నుంచి గంట కొట్టే బంట్రోతు దాకా అందరూ అతన్ని ‘గుడ్ల శాంతయ్య’ అనేవాళ్లు. ఎదురుగా కాదు, వినపడేంత దూరంలో నిలబడి.

అది 1957. శాంతయ్య రెండేళ్లు సెలవు పెట్టి వాల్తేరులో గామా కిరణాల మీద పరిశోధన చేసొచ్చాడు. ఇంకొక్క ఏడాది ఉంటే థీసిస్ పూర్తవుతుంది. ఆ ఏడాదికి హెడ్డు నరహరాచారి సంతకం కావాలి. సంతకం పడకపోతే ఉద్యోగమో థీసిసో ఏదో ఒకటి వదులుకోవాలి. రేపటి నుంచి కాలేజీకి వేసవి సెలవులు.

నరహరాచారి ఆ సెలవు కాగితాన్ని మూడు నెలలుగా పేపర్‌వెయిట్ కింద ఎండబెడుతున్నాడు. ఆయన పలకరిస్తే కుండలో నీళ్లు కూడా చేదెక్కేవట.

“రెండేండ్లు ఆడ ఏం వెలగబెడితివప్పా?”

“పరమాణువు నడుమ కేంద్రకం ఉంటాది సార్. అది లెక్క చెప్పలేనంత జోరుగా తిరుగుతాది. మెట్టు మెట్టుగా నెమ్మదిస్తాది. మెట్టు దిగినప్పుడల్లా ఒక గామా కిరణాన్ని ఇసిరేస్తాది. ఆ కిరణాల బలం కొలిస్తే లోపల ఎట్ల తిరిగిందో తెలుస్తాది.”

“కంటికి కనపడనిది తిరుగుతాండాదని ఎవురు చెప్పిరి? మీ పాస్టరా?”

ఈ ప్రశ్న వస్తుందని శాంతయ్యకు తెలుసు. సంచిలోంచి రెండు గుడ్లు తీసి బల్ల మీద తిప్పాడు. ఒకటి బొంగరంలా గిరగిరా తిరిగింది. రెండోది తాగినవాడిలా తూలింది. రెండింటినీ వేలితో ఆపి, వేలు తీశాడు. మొదటిది కదల్లేదు. రెండోది మళ్లీ తనంతట తానే తిరిగింది.

“పగలగొట్టకుండా లోపల ఏముండాదో మా యమ్మ ఇట్లనే చెప్తాది సార్. ఇది ఉడికింది, అంతా ఒకటిగా తిరుగుతాది. ఇది పచ్చిది, పెంకుతో పాటు లోపలిది తిరగదు. కేంద్రకం ఈ రెండిటికీ నడుమ ఉండాది. ఎందుకట్లుండాదో తేల్చేకే ఇంకో ఏడాది అడుగుతాండా.”

అంత బాగా ఆ గదిలో ఎవరూ ఎప్పుడూ పాఠం చెప్పలేదు. గెలిచాననుకుని శాంతయ్య తలెత్తాడు. నరహరాచారి కుర్చీ గోడ దాకా వెనక్కి పోయి ఉంది. ఆయన ఇంట్లోకి ఉల్లిగడ్డ కూడా రాదు. గుడ్ల మధ్యే పుట్టి పెరిగిన శాంతయ్యకు ఆ సంగతి తట్టనేలేదు.

“నేను ఫలహారం చేసే బల్ల ఇది” అన్నాడు నరహరాచారి నెమ్మదిగా.

“ప్రయోగానికి తెచ్చినా సార్.”

“యాడ ఏం పెట్టాలో మీ జాతికి తెలిస్తే గదా. పేడనీళ్లు తెచ్చి కడుగు. కడిగినాక ఆ కాగితం నువ్వే చించి పారెయ్.”

కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని వెళ్లిపోయాడు.

శాంతయ్య కాగితం చించలేదు. దాని వెనకవైపు మూడు వాక్యాల్లో రాజీనామా రాసి మళ్లీ పేపర్‌వెయిట్ కిందే పెట్టాడు. తర్వాత హెడ్డు కుర్చీలో కూర్చుని, ఉడికిన గుడ్డు వలుచుకుని తిన్నాడు. పెంకులు బల్ల మీద వరసగా పేర్చాడు.

సాయంత్రం విశ్వాసమ్మ గంప సర్దుతూ అడిగింది.

“రెండు గుడ్లు తీస్కపోతివే, యాడ?”

“ఉద్యోగం వద్దని రాసిచ్చి వస్తినమ్మా. ఒకటి తింటి.”

ఉద్యోగం మాట విని ఆమె చేతులు ఆగాయి. కానీ అడిగింది మాత్రం గుడ్డు గురించే.

“ఇంకోటి?”

“ఆయన బల్ల సొరుగులో ఉండాది. గదికి తాళమేసినారు.”

“తినింది యాది?”

“ఉడికింది.”

విశ్వాసమ్మ కాలేజీ మళ్లీ తెరిచే రోజు దాకా వేళ్ల మీద లెక్కపెట్టింది. ఎండాకాలం, కర్నూలు, నలభై ఐదు దినాలు. ఆమె ముఖం మెల్లగా విచ్చుకుంది.

“శనివారం రైలుకు వాల్తేరు పో. దావలో తినేకి ఉడికినవి పది పెడతా” అంది. ఇంకో రెండు తీసి పక్కన పెట్టింది. “ఇవి పచ్చివి. ఆడ గూడా హెడ్డు అనేటోడు ఒకడుంటాడు గదా.”